నల్లగొండ ఎండల్లో ఆర్‌ఎఫ్‌క్యూ నమూనా: నా అనుభవం

ఎంతయింది, ఎన్నాళ్లు పట్టింది, ఎక్కడ చేయించారు? పోయిన నెల సెమినార్ అయినప్పటి నుంచి జూనియర్లు నన్ను అడుగుతున్న ప్రశ్నలు ఈ మూడే. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేకంటే ఒకసారి రాసిపెడితే నయమనిపించింది.

నేను నల్లగొండలో డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. పీహెచ్‌డీ పార్ట్‌టైమ్. చేసిన వస్తువు అర మీటరు పొడవున్న, నాలుగు వేన్ల (లోపలికి పొడుచుకొచ్చే రెక్కల) ఆర్‌ఎఫ్‌క్యూకి అల్యూమినియం నమూనా, అంటే కోల్డ్ మోడల్. రేడియో ఫ్రీక్వెన్సీ క్వాడ్రపోల్ అనే ఈ యంత్రం అయాన్ పుంజాన్ని ఒకేసారి దగ్గరికి నొక్కుతుంది, గుంపులుగా విడదీస్తుంది, ముందుకు తోస్తుంది. నా దాంట్లో పుంజమే లేదు. వ్యాక్యూమ్ లేదు, హై పవర్ లేదు. లోపల ఫీల్డ్ ఉండాల్సిన చోట ఉండాల్సినంత ఉందా లేదా అని కొలవడమే పని. మా సార్ మొదటి రోజే చెప్పారు: "మన దగ్గర ఏమేం లేవో లెక్కపెడితే పొద్దు గూకుతది. ఫీల్డ్ ఒక్కటి సాపుగా వచ్చిందని చూపించమ్మా, చాలు."

2024 ఆగస్టులో టాపిక్ ఖాయమైంది. 352 మెగాహెర్ట్జ్ ఎందుకంటే ముంబై ట్రాంబేలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల లెహిపా అనే ప్రోటాన్ యాక్సిలరేటర్‌లో ఆర్‌ఎఫ్‌క్యూ నడిచేది ఆ ఫ్రీక్వెన్సీ మీదే. నాలుగు మీటర్ల ఆ యంత్రం ప్రోటాన్లను 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర అందుకుని 3 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు తీసుకుపోతుంది. పోల్చుకోవడానికి మన దేశంలోనే ఒకటుంటే రాసేటప్పుడు ధైర్యంగా ఉంటుంది. ఢిల్లీలోని యాక్సిలరేటర్ కేంద్రం ఐయూఏసీలో ఉన్నట్టు నాలుగు కడ్డీల రకం చేద్దామా అని కూడా కొన్నాళ్లు ఊగాను. అది 48.5 మెగాహెర్ట్జ్‌ది, బరువైన అయాన్ల కోసం. ఫ్రీక్వెన్సీ తక్కువైన కొద్దీ యంత్రం పెద్దదవుతుంది, నా జేబు చిన్నది. అందుకే 352, నాలుగు వేన్లు.

లెక్కల భాగం తొందరగానే తెమిలింది. అడ్డుకోత ఆకారానికి సూపర్‌ఫిష్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అమెరికాలో లాస్ అలామోస్ ల్యాబ్ వాళ్లది, ఉచితం, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. వేన్ కొన నుంచి నడిమి గీతకు 4 మిల్లీమీటర్లు పెట్టుకుని, కేవిటీ (వేన్లు ఉండే బోలు డబ్బా) వెడల్పు సవరిస్తూ పోతే దసరా సెలవుల్లోపు కొలతలు తేలాయి. ఫ్రీక్వెన్సీని కావాలనే కొంచెం కింద, 350.4 దగ్గర ఉంచాం. తర్వాత ట్యూనర్లు, అంటే గోడలో బిగించిన లోహపు దిమ్మలు, లోపలికి తోస్తే పైకి వస్తుంది. కిందికి దించాలంటే మళ్లీ మిల్లింగ్ మిషన్ ఎక్కించాల్సిందే.

అసలు కథ అక్టోబర్‌లో మొదలైంది. 6061 రకం అల్యూమినియం ప్లేట్లు రాణీగంజ్‌లో కొన్నాను. తరుగుతో కలిపి నలభై కిలోల పైచిలుకు, దాదాపు పద్దెనిమిది వేలు. కోసివ్వడానికి వేరే డబ్బులు. నల్లగొండ దాకా బస్సు డిక్కీలో వేసుకొచ్చాను, కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. ప్లేట్లతో పాటు మెటీరియల్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అడగకపోతే ఇవ్వరు, తర్వాత కావాలంటే దొరకదు.

మొదటి గరుకు కోత మా ఊళ్లోనే, దేవరకొండ రోడ్డు మీద బోరు మోటార్ల పనులు, ట్రాక్టర్ పనులు చేసే వర్క్‌షాపులో చేయించాను. అక్కడి అన్న డ్రాయింగ్ చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "చెల్లె, ఇది యురేనియందా?" యురేనియం నిక్షేపాలున్న లంబాపూర్, పెద్దగట్టు పేర్లు విని పెరిగిన జిల్లా మాది, ఆ అనుమానం రావడంలో వింతేమీ లేదు. కాదన్నా, ఇందులోకి పోయే కరెంటు ఒక మిల్లీవాట్ కూడా ఉండదు, ఉత్త డబ్బా అన్నాను. "మరి గీ నాలుగు రెక్కలెందుకు?" అన్నాడు. అయాన్ మెల్లగా పోయేటప్పుడు అయస్కాంతంతో దాన్ని గట్టిగా పట్టుకోలేం, అయస్కాంతం బలం వేగాన్ని బట్టే పనిచేస్తుంది. అందుకని ఈ నాలుగు రెక్కలకు ప్లస్సు, మైనస్సు, ప్లస్సు, మైనస్సు ఇచ్చి, సెకనుకు 35 కోట్ల సార్లు తారుమారు చేస్తాం. ఒకసారి పక్కల నుంచి నొక్కితే ఇంకోసారి పైనా కిందా నొక్కుతుంది, అట్లా నడుమనే ఉండిపోతుంది అని చెప్పాను. "అంటే ఎదురెదురు రెక్కల నడుమ ఎనిమిది మిల్లీమీటర్ల సందు అన్నిచోట్లా ఒక్కతీరుగ ఉండాలె, గంతే కదా," అన్నాడు. గంతే. నా థీసిస్ మొత్తం ఆ వాక్యమే.

డ్రాయింగ్‌లో 0.02 మిల్లీమీటర్ల టాలరెన్స్ (ఉండనిచ్చే తేడా) ఎక్కడెక్కడ అవసరమో ఆయనే నాతో కూర్చుని ఏరాడు. వేన్ కొన, వేన్ పీట గోడకు ఆనే ముఖం, ఈ రెండింటికే ఉంచి మిగతా అంతా 0.1కి వదిలేశాం. దాంతో ఫినిషింగ్‌కు హైదరాబాద్ వాళ్లు చెప్పిన రేటు సగానికి దిగింది. మీరు ఏ యంత్రం చేయించినా, డ్రాయింగ్‌ను కొటేషన్‌కు పంపేముందు పని చేసే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. ప్రొఫెసర్ల దగ్గర దొరకని చదువు అది.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. ప్లేటును ఒకవైపు కోస్తే లోపలి బిగువు వదిలి అది వంగుతుందట. అందుకని అన్ని వైపులా ఒక మిల్లీమీటరు మిగిల్చి కోసి, వేన్లను రెండు వారాలు పక్కన పడేశాడు. నాకు ప్రాణం ఆగలేదు. మళ్లీ పోయి సర్ఫేస్ ప్లేట్ మీద పెట్టి డయల్ గేజ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు జరిపితే ముల్లు 0.2 దాకా తిరిగింది. అర మీటరు ముక్క, కంటికి నిటారుగానే ఉంది. నాలుగు వేన్లూ ఒకేసారి 30, 40 మైక్రాన్లు లోపలికి జరిగితే ఫ్రీక్వెన్సీ ఒక మెగాహెర్ట్జ్ పడిపోతుంది. ఇక్కడ వంపే 200 మైక్రాన్లు. ఆ మిగిల్చిన మిల్లీమీటరే మమ్మల్ని కాపాడింది.

ఫినిషింగ్ హైదరాబాద్ చర్లపల్లిలో, వీఎంసీ అనే కంప్యూటర్ మిల్లింగ్ మిషన్ మీద. "పదిహేను రోజుల్లో ఇస్తం మేడం" అన్నారు. నవంబర్ మొదట్లో ఇచ్చిన జాబ్ సంక్రాంతి దాటాక చేతికొచ్చింది. తప్పు పట్టను, వాళ్లకు వేల పీసుల ఆర్డర్లు ఉంటాయి, నా నాలుగు ముక్కలు రాత్రి షిఫ్ట్‌లో ఖాళీ దొరికినప్పుడే ఎక్కుతాయి. నల్లగొండ నుంచి ఎల్బీనగర్, అక్కడి నుంచి ఇంకో బస్సు, పోయాక "రేపు రండి". ఆ రెండు నెలల్లో నాకు వచ్చినంత కోపం, నిస్సహాయత ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. గెస్ట్ లెక్చరర్ జీతాలు కూడా అప్పుడే ఆగాయి, మిషన్ చార్జీల కోసం అమ్మ దగ్గర చీటీ డబ్బులు తీసుకున్నాను. మిషనింగ్ మొత్తం ముప్పై రెండు వేలయింది. సీఎంఎం అనే కొలతల మిషన్ మీద కొలిపించడానికి వేరుగా నాలుగు వేలు. ఆ రిపోర్టు డబ్బులు మిగుల్చుకుందామని చూడకండి. రెండో వేన్ పీట 50 మైక్రాన్లు తక్కువుందని ఆ కాగితమే చెప్పింది.

2025 ఫిబ్రవరిలో బిగింపు. ఆర్‌ఎఫ్ కరెంటు లోహం పైపొరలోనే పారుతుంది, వేన్‌కీ గోడకీ మధ్య అతుకు సరిగ్గా ఆనకపోతే అక్కడే ఆగిపోతుంది. మొదటిసారి బిగించి చూస్తే క్యూ విలువ (కేవిటీ శక్తిని ఎంత పోగొట్టకుండా దాచుకుంటుందో చెప్పే అంకె) 1,200 దగ్గర వచ్చింది. లెక్క ప్రకారం ఏడు వేల దాకా ఉండాలి. బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. వర్క్‌షాప్ అన్న వచ్చి చూసి, "ట్రాక్టర్ హెడ్ బిగించినట్టు బిగించాలె. నడిమి నుంచి పక్కలకు, క్రాస్‌గా, మూడు విడతలు," అన్నాడు. టార్క్ రెంచ్ కూడా ఆయనదే. ఆనే అంచులను సన్నటి ఎమరీతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, వెంటనే బిగించాం. వెంటనే అని ఎందుకంటున్నానంటే అల్యూమినియానికి పైపొర మళ్లీ కట్టడానికి ఎంతోసేపు పట్టదు. రెండో వేన్ కింద 50 మైక్రాన్ల రాగి రేకు పెట్టాం. క్యూ 3,000 దాటింది. విప్పి బిగించే నమూనాలకు లెక్కలో సగం వస్తే సంతోషించాలని అందరూ అంటారు, నాకు సగానికి కొంచెం తక్కువ.

కొలిచే పరికరం గురించి జూనియర్లు ఎక్కువ అడుగుతారు. కేవిటీ ఏ ఫ్రీక్వెన్సీకి ఎట్లా స్పందిస్తుందో చూపే నెట్‌వర్క్ ఎనలైజర్ లక్షల ఖరీదు, మా దగ్గర లేదు. హైదరాబాద్‌లో ఒక సంస్థను అడిగితే ఉత్తరం పెట్టమన్నారు, పెట్టాను, జవాబు రావడానికి నెలన్నర, ఆ జవాబులో ఇంకో ఉత్తరం పెట్టమని ఉంది. ఈలోపు ఆన్‌లైన్‌లో నానోవీఎన్ఏ అనే బుల్లి ఎనలైజర్ తెప్పించాను. ఏడు వేల లోపు, అరచేతిలో పడుతుంది. 300 మెగాహెర్ట్జ్ దాటాక దాని సున్నితత్వం తగ్గుతుంది, నిజమే. కానీ స్పాన్ (ఒకసారికి కొలిచే ఫ్రీక్వెన్సీల మేర) ఒక మెగాహెర్ట్జ్‌కి కుదించి, సగటు తీసుకుంటూ పోతే పని జరుగుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఎస్‌ఎంఏ కనెక్టర్లు కొని, కేవిటీలోకి సిగ్నల్ పంపడానికి, తీసుకోవడానికి రాగి తీగతో చిన్న లూపులు చేసి టంకం పెట్టాను. లూపు చిన్నదైతేనే మంచిది, పెద్దదైతే కేవిటీ ఫ్రీక్వెన్సీని అదే కదిలిస్తుంది.

తెర మీద మొదట మూడు శిఖరాలు కనబడ్డాయి. ఒకటి 348.9 దగ్గర, రెండు దానికి కింద. కావాల్సింది 348.9 దగ్గరున్న క్వాడ్రపోల్ మోడ్ (వేన్లకు ప్లస్సు, మైనస్సు మార్చి మార్చి వచ్చే తీరు) ఒక్కటే. పక్కనున్న రెండూ డైపోల్ మోడ్‌లు, అవి పుంజాన్ని ఒక పక్కకు తోసేస్తాయి. వేన్ల మధ్య ఏర్పడే నాలుగు గదులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే ఆ రెండు డైపోల్‌లూ ఒకే చోట కలవాలి. విడిగా ఉన్నాయంటే ఎక్కడో ఒక వేన్ తేడాగా ఉందన్నమాట. రాగి రేకు పెట్టకముందు వాటి మధ్య దూరం చాలా ఉండేది, పెట్టాక దగ్గరకొచ్చాయి. రేకు సరైన చోటే పడిందని అట్లా తెలిసింది.

ఇక పూసను లాగే పని. చిన్న లోహపు పూసను దారానికి కట్టి కేవిటీ పొడవునా లాగుతూ, ఏ చోట ఫ్రీక్వెన్సీ ఎంత కదిలిందో రాసుకుంటే ఫీల్డ్ పటం వస్తుంది. పూస ఉన్నచోట అయస్కాంత క్షేత్రం ఉంటే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, విద్యుత్ క్షేత్రం ఉంటే తగ్గుతుంది. పుంజం పోయే నడిమి గీత వెంబడి లాగితే ఏమీ కనబడదు. నాలుగు వేన్ల బలాలు అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఫీల్డ్ సున్నా. లాగాల్సింది నాలుగు గదుల్లో, ఒక్కో గదిలో విడివిడిగా. దారం నాగార్జునసాగర్‌లో గాలాలు అమ్మే కొట్లో కొన్న నైలాన్ తీగ. లాగే మోటారు పాత ప్రింటర్‌లోది. పూస మా వర్క్‌షాప్ అన్న లేత్ మీద తీసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

మార్చి మధ్యలో మొదలుపెట్టాను. ఏప్రిల్ వచ్చేసరికి పటాలన్నీ ఒకవైపు వాలిపోవడం మొదలైంది. మొదటి చివర నుంచి రెండో చివరకు పోయేలోపు గీత జారిపోతోంది. పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఇంకో తీరు. దారం సాగుతోందా, కనెక్టర్ వదులైందా అని వారం పైన వెతికాం. చివరకు పది రూపాయల గ్రాఫ్ కాగితం మీద గది ఉష్ణోగ్రత, ఫ్రీక్వెన్సీ పక్కపక్కన గీస్తే సంగతి తేలింది. అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే పది లక్షల్లో 23 వంతులు వ్యాకోచిస్తుంది. 350 మెగాహెర్ట్జ్ దగ్గర దాని ఫలితం ఎనిమిది కిలోహెర్ట్జ్. నా 6 మిల్లీమీటర్ల పూస వల్ల వచ్చే మార్పేమో అయిదారు కిలోహెర్ట్జ్. మా గదికి ఏసీ లేదు, రేకుల కప్పు, ఏప్రిల్‌లో నల్లగొండ. ఒక్క గీత లాగేలోపు రెండు డిగ్రీలు పెరిగేవి. అంటే నేను నెల రోజులుగా కొలుస్తున్నది ఫీల్డ్‌ని కాదు, ఎండని.

పరిష్కారాలు చవకవే. పూసను 10 మిల్లీమీటర్లకు పెంచాం, మార్పు పాతిక కిలోహెర్ట్జ్ దాకా వచ్చింది. ప్రతి గీతనూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి కొలిచి సగటు తీశాను, జారుడు చాలావరకు కొట్టుకుపోతుంది. కేవిటీ ఒంటికే థర్మామీటర్ అంటించి పైన దుప్పటి కప్పాను. ఫీల్డ్ పటం కొలతలన్నీ తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు లోపు. ఆ వేళకి కరెంటు కూడా నిలకడగా ఉంటుంది. వాచ్‌మన్ తాత ముందు గొణిగాడు, తర్వాత తనే చాయ్ ఫ్లాస్క్ తెచ్చేవాడు. "బిడ్డా, పెండ్లికి కూడా ఇంత పొద్దుగాల లేవరు," అనేవాడు.

ట్యూనర్లు తిప్పడం మేలో. ఒక్కో గదికి రెండు చొప్పున పెట్టాం. ఒకటి లోపలికి తోస్తే అక్కడ ఒక్కచోటే కాదు, నాలుగు గదుల్లోనూ ఎంతో కొంత మారుతుంది. చేత్తో తిప్పి అందాజుగా సరిచేద్దామనుకుంటే తెల్లారదు. ఒక్కో ట్యూనర్‌ను అర మిల్లీమీటరు కదిపి, అన్ని గీతలూ మళ్లీ కొలిచి, ఒక పట్టిక చేసుకుని, ఆ పట్టికను తిరగేస్తే ఏది ఎంత తిప్పాలో కంప్యూటర్ చెబుతుంది. వేన్ల చివర్లలో కోసిన గాడి లోతు కూడా రెండుసార్లు పెంచాల్సి వచ్చింది. అయస్కాంత రేఖలు ఒక గది నుంచి పక్క గదికి మలుపు తిరిగేది అక్కడే, ఆ దారి ఇరుకైతే ఫీల్డ్ మధ్యలో ఉబ్బి చివర్లలో పడిపోతుంది. కోసింది మన అన్నే, ఒక్కోసారి పావు మిల్లీమీటరు. రెండోసారి తర్వాత ఉబ్బు పోయింది. ఆ పొద్దు స్క్రీన్ మీద నాలుగు గదుల గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే నేను కళ్లు తుడుచుకుని మళ్లీ కొలిచాను. మళ్లీ అట్లాగే వచ్చింది. 352.2 దగ్గర, పొడవునా మూడు శాతం లోపు తేడా.

జూన్‌లో సెమిస్టర్ పరీక్షల డ్యూటీలు, పని ఆగింది. జూలైలో వానలు పడ్డాక మళ్లీ కొలిస్తే ఇంకో చిక్కు. మే నెల మధ్యాహ్నాలతో పోలిస్తే గది పదిహేను డిగ్రీలు చల్లబడింది, లెక్క ప్రకారం 120 కిలోహెర్ట్జ్ పైకి రావాలి. వచ్చింది తొంభై. ఆ మిగతా ముప్పై ఎక్కడికి పోయిందని సార్‌ని అడిగితే కిటికీ వైపు చూపించారు. కేవిటీలో ఉన్నది గాలి, ఆ గాలిలో ఇప్పుడు తేమ. నీటి ఆవిరి పెరిగితే ఫ్రీక్వెన్సీ దిగుతుంది. లెక్కేస్తే ముప్పై చిల్లరే వచ్చింది. వ్యాక్యూమ్‌లో నడిచే అసలు యంత్రానికి ఈ బెడద ఉండదు, మనలాంటి వాళ్లకే. కాబట్టి ఉష్ణోగ్రత పక్కన తేమ కూడా రాసుకోండి, మూడు వందల రూపాయల మీటర్ చాలు.

ఆగస్టులో సెమినార్ ఇచ్చాను. అర మీటరేనా అని ఒకరు వెనక నుంచి అన్నారు. సోవియట్ శాస్త్రవేత్తలు కాప్‌చిన్‌స్కీ, తెప్లియాకోవ్ 1970లో ఈ ఆలోచన బయటపెట్టిన పదేళ్లకు, 1980లో లాస్ అలామోస్ వాళ్లు దీన్ని నిరూపించి చూపింది మీటరు పైచిలుకు యంత్రంతోనే, ప్రోటాన్లను 100 నుంచి 640 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు తెచ్చింది అది అని సార్ జవాబిచ్చారు. నేను మాట్లాడి ఉంటే అంత మర్యాదగా ఉండేది కాదు.

మొత్తం ఖర్చు ప్రయాణాలు పోను డెబ్బై వేల దాకా తేలింది. అందులో యూనివర్సిటీ నుంచి తిరిగొచ్చింది ఇప్పటికి పదిహేను వేలు, మిగతా బిల్లులు ఫైల్లో ఉన్నాయి. బిల్లుల మీద జీఎస్టీ నంబరు, మీ పేరు కాకుండా డిపార్ట్‌మెంట్ పేరు ఉండేలా మొదటి రోజు నుంచే చూసుకోండి. వర్క్‌షాప్ అన్న రాసిచ్చిన తెల్లకాగితం రసీదులు ఏ టేబుల్ మీదా చెల్లలేదు.

తర్వాతి మెట్టు అలల వేన్లు. నా నమూనాలో వేన్ కొనలు నున్నగా ఉన్నాయి, అందుకని పుంజాన్ని నొక్కగలవు కానీ ముందుకు తోయలేవు. తోయాలంటే కొన మీద అలలు చెక్కాలి, అయాన్ వేగం పెరిగిన కొద్దీ అల సాగాలి. ప్రోటాన్‌కు 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక్కో గడి (అలలో సగం) 4.4 మిల్లీమీటర్లు, 3 మెగా దగ్గరికొస్తే 34. ఒక్క వేన్‌కే పదిహేడు వేలు కొటేషన్ చెప్పారు, అదీ దసరా తర్వాతే మిషన్ ఖాళీ అట. మన అన్నకు డ్రాయింగ్ చూపించాను. మొదటి నాలుగు సెంటీమీటర్లు తన మిల్లింగ్ మిషన్ మీదే చెక్కి చూపిస్తానంటున్నాడు, బాల్ నోస్ కట్టర్ తెచ్చిమ్మన్నాడు. ఆర్డర్ పెట్టాను, వచ్చే వారం వస్తుందన్నారు.